యాడ్ బ్లాకర్ పీకేశాను, అల్లుడూ

అవును, నేనే పీకేశాను. కరెంటూ పోలేదు, నువ్వు రౌటర్ పక్కన పెట్టిన డబ్బా చెడిపోనూ లేదు. ఆ ఇంటర్నెట్ వాణ్ణి పిలిచి తిట్టకు పాపం. ముందు కూర్చో, చెబుతాను.

ప్రకటనలంటే నాకేదో ముద్దనుకుంటున్నావా? చూస్తేనే ఒళ్లు మండుతుంది. పొద్దున్నే వార్తలు చదువుదామని తెరుస్తానా, కట్టుడుపళ్లు. పక్కకి తోస్తే ఆ కట్టుడుపళ్లు కడిగే పొడి. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి మూసేద్దామంటే, అది గుర్తు కాదు, గుర్తులా గీసిన బొమ్మ. నొక్కగానే ఇంకేదో దుకాణంలో తేలతాం. ఎవడో జీతం పుచ్చుకుని, కూర్చుని, దాన్నంత శ్రద్ధగా గీశాడు చూడు. ఛీ, ఏం బతుకులు.

ఈ ప్రకటనల్ని ఆపడానికి నువ్వు తెచ్చిన బ్లాకర్లు మాత్రం తక్కువ తిన్నాయా? మొదట కంప్యూటర్లో బ్రౌజరుకి ఒకటి తగిలించావు, ఎర్ర బొమ్మది. బాగానే పనిచేసింది, కాదనను. తర్వాత చూస్తే, 'మర్యాదైన ప్రకటనలు' కొన్ని రానిస్తానంది. ఏది మర్యాదో తేల్చేదెవరయ్యా అంటే, అదే. కాపలాకి పెట్టినవాడే పెరటి తలుపు తీసి తనవాళ్లని లోపలికి పంపితే ఎలా ఉంటుంది?

అది వద్దంటే ఏకంగా బ్రౌజరే మార్చావు. దీనికి పుట్టుకతోనే ఆపే గుణం ఉందన్నావు. ఉంది మరి. ఊళ్లోవాళ్ల ప్రకటనలన్నీ శుభ్రంగా తుడిచేసి, మొదటి పేజీలో తన ప్రకటన తనే అంటించుకుంది. దాని మొహం చూడ్డం కంటే ఆ ఎర్ర బొమ్మే నయమనిపించింది.

ఆఖరికి ఈ డబ్బా. రౌటర్ పక్కన పెట్టావు. ఇది ఒక్క బ్రౌజరుకి కాదు, ఇంటిల్లిపాదికీ, ఫోన్లలో ఉన్న యాప్‌లతో సహా. ప్రకటనలు పంపేవాళ్ల పేర్లన్నీ దగ్గర పెట్టుకుని, ఏ ఫోన్ వాళ్లకోసం అడిగినా అలాంటివాళ్లు లేరు పొమ్మంటుంది. దొంగబుద్ధి లేనిది ఇదొక్కటే. అందుకే పీకాల్సి వచ్చింది.

నవ్వకు. నువ్వు మీ అత్తగారిని చూడలేదు కదా. మీ పెళ్లి నాటికే పోయింది. ప్రకటనలకి గొంతివ్వడం ఆవిడ పని, స్టూడియోల చుట్టూ తిరిగేది. చివర్లో చేసింది మోకాళ్ల నొప్పుల నూనెది. దిక్కుమాలిన నూనె. సీసా ఇంటికిస్తే, తలుపు కిర్రుమన్నప్పుడల్లా రాసి అవగొట్టాం. కానీ వాళ్లా ప్రకటన ఇంకా మార్చలేదయ్యా. పాత పాటల యాప్‌లో, పాటకీ పాటకీ మధ్య వస్తుంది. "ఏమండీ, మెట్లెక్కడం మానేశారా?" అని మొదలెడుతుంది. వంటింట్లోంచి నన్నడిగినట్టే ఉంటుంది.

అదీ ఊరికే రాదు. మనం ఫోన్లో వెతికేదాన్ని బట్టి, మోకాళ్లు నొప్పిగా ఉన్నవాడికే వస్తుందట. అందుకని రోజూ ఫోన్ తెరిచి మోకాళ్ల నొప్పులు, కీళ్ల అరుగుదల అంటూ వెతుకుతాను. నా మోకాళ్లకేం, దుక్కల్లా ఉన్నాయి. ఆవిడ ఒక్కసారి పలకాలంటే చేతికర్రలు, జారని చెప్పులు, వృద్ధాశ్రమాలు, అంత్యక్రియలకి ముందస్తు బుకింగు, ఆ చెత్తంతా చెవుల్లో పోసుకోవాలి. అయినా పోసుకుంటాను.

రికార్డు చేసిస్తానంటావా? వద్దు. అప్పుడు నేను నొక్కితే మాట్లాడుతుంది. ఆవిడ ఏనాడైనా నేను అడిగినప్పుడు మాట్లాడిందా? నేనేదో పనిలో ఉండగా, తనకి తోచినప్పుడు, వెనకనించి పలకరించేది.

అసలు సంగతి అది కాదులే. ఈ డబ్బా పెట్టమని నిన్నడిగింది అమ్మాయే కదూ? ప్రకటనలతో విసుగొస్తోందని చెప్పిందా? అలాగే చెబుతుంది మరి. అంతకు ముందొకరోజు వంటింట్లో నా ఫోన్ పాడుతోంది, అమ్మాయి పాలు కాస్తోంది. ఉన్నట్టుండి వాళ్లమ్మ గొంతొచ్చింది. పొయ్యి మీద పాలు అలాగే వదిలేసి వెనక వరండాలోకి వెళ్లిపోయింది. పాలు పొంగి పొయ్యంతా పోయినా లోపలికి రాలేదు. నేనే కట్టేసి, తుడిచాను. ఆ వారంలోనే నువ్వు డబ్బా తెచ్చావు.

నాకు అప్పుడే అర్థమైంది. అర్థమయ్యీ పీకాను. నేనంత గొప్ప తండ్రిని.

ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని వినమంటావా? అదీ అయింది. డబ్బా పీకాక, మొన్న అలా పెట్టుకునే కూర్చున్నాను. అమ్మాయి ఎదురుగా కూరగాయలు తరుగుతోంది. నా మొహం చూసి కనిపెట్టేసింది. కత్తి పక్కన పెట్టి లేచి వెళ్లిపోయింది. దానికి ఏ బ్లాకరు పెడతావు నువ్వు?

అందుకని, ఆ డబ్బా మళ్లీ తగిలించు. అమ్మాయితో ఇదేదీ అనకు. రేపటినించి నేను ఫోన్ పట్టుకుని వీధి చివర బస్టాపులో కూర్చుంటాను. అక్కడికి ఇంటి ఇంటర్నెట్ రాదు, నీ డబ్బా పప్పులుడకవు. వచ్చిన బస్సునల్లా వదిలేస్తున్నాడు, ముసలాడికి మతి పోయిందనుకుంటారు జనం.

అనుకోనీ.