సుగుణ అప్పజెప్పిన కబురు

"అమ్మమ్మా, పాము కరిచినప్పుడు నువ్వు పరలోకం చూసొచ్చేవంట కదా. చర్చిలో అందరూ అంటారు. చెప్పవా?"

ఎవరు చెప్పేరే నీకు? మీ మావయ్యే అయ్యుంటాడు, వాడికి కడుపులో మాట దాగదు. రికార్డు చేసుకుంటావా? చేసుకో, నాకేం. మధ్యలో మటుకు ఆపకు, ఆపితే మర్చిపోతాను.

నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు, నీకు చెప్పలేదు. తోటలో కొబ్బరి మట్టలు ఏరుతున్నాను. మా చిన్నప్పుడు మట్టలు ఊరికే పట్టుకుపొమ్మనేవారు, ఇప్పుడు చీపురు కూడా కొనుక్కోవడమే... ఏం చెప్తున్నాను? ఆఁ, పాము. మట్ట కింద చెయ్యి పెట్టేను, చురుక్కుమంది. చీమనుకున్నాను. కాసేపటికి రెప్పలు వాలిపోతున్నాయి, నాలిక మడతపడిపోతోంది. మీ మావయ్య ఆటోలో వేసుకుని అమలాపురం తీసుకెళ్ళేడు. ఇంజెక్షన్లు, గొంతులోకి గొట్టం. డాక్టరు గారు పాపం ఉన్నదున్నట్టు చెప్పేరు, ఇప్పుడే ఏమీ చెప్పలేమండీ అని.

ఇక్కడ వినాలి నువ్వు. అందరూ నాకు తెలివి లేదనుకున్నారు. ఉంది! రెప్ప ఎత్తలేను, వేలు కదపలేను, చెవులు మటుకు బాగా పనిచేస్తున్నాయి. మీ మావయ్య సమాధుల దొడ్లో చోటు గురించి మాటాడుతున్నాడు. మా తోటికోడలు నా చెవిదుద్దులు తీసి దాచమంటోంది. ఒరేయ్, నేనున్నాన్రా అని అరుస్తున్నాను, లోపల. ఎవరికి వినపడుద్ది? ఎంత భయమేసిందో చెప్పలేను తల్లీ. చచ్చిపోతానని కాదు, బతికుండగానే మట్టి చేసేస్తారేమోనని.

అప్పుడొచ్చింది సుగుణ. తెలుసుగా, మా అక్క కూతురు. దాని కొడుకు దావీదు రొయ్యల చెరువు మీద పనికెళ్ళి, నీళ్ళు చిలికే ఏరియేటరు దగ్గర కరెంటు కొట్టి పోయేడు. అప్పటికి నెల కూడా తిరగలేదు. బాప్తిస్మం తీసుకోరా అంటే ఈ ఈస్టరుకి, కాదు వచ్చే ఈస్టరుకి అనేవాడు. భూస్థాపన నాడే ఒకావిడ అనేసింది, బాప్తిస్మం లేనోడు ఎక్కడికెళ్తాడో అని. ఆ మాట సుగుణని తినేసింది.

వచ్చి, నా చెవి దగ్గర నోరు పెట్టింది. "పిన్నీ, నువ్వెళ్తున్నావు కదా. దావీదు అక్కడున్నాడో లేదో చూడు. ఉంటే, అన్నం తిన్నాడో లేదో అడుగు. ఆ పొద్దున్న కూర బాలేదంటే నేనే మానెయ్యమన్నాను. తినకుండా వెళ్ళేడు."

అంతే. లేచి వెళ్ళిపోయింది.

తర్వాత నెమ్మదిగా రెప్పలు కదిలేయి, గొట్టం తీసేరు, ఇంటికొచ్చేను. అప్పటికే మీ మావయ్య ఊరంతా చెప్పేసేడు, మా అమ్మ పరలోకం వెళ్ళొచ్చిందని. ఆదివారం చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పాలన్నారు పాస్టరు గారు. ఆయన్ని ఏమీ అనకూడదు, నాకోసం ఉపవాసం ఉండి ప్రార్థన చేసిన మనిషి. కానీ ఐ.పోలవరంలో ఒకావిడ బంగారు వీధులు చూసిందంట, వాళ్ళ నాన్న తెల్లబట్టల్లో కనపడ్డాడంట, మరి మీరేం చూసేరండీ అని అడుగుతుంటే ఏం చెప్పను?

మందిరం నిండిపోయింది. మైకిచ్చేరు. ముందు చాప మీద సుగుణ. కొడుకు పోయేక మందిరం గడప తొక్కని మనిషి, ఆ రోజొచ్చింది. రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తోంది. ఉన్నాడే, తెల్లబట్టల్లో ఉన్నాడు, కడుపునిండా తిన్నాడు అంటే ఏం పోయింది? నాలిక చివరిదాకా వచ్చేసింది. అందరూ స్తోత్రం అంటారు, అది కంటినిండా నిద్రపోద్ది. కానీ నా ప్రాణం నాకు తిరిగిచ్చినోడి ఇంట్లో నిలబడి, ఆయన పేరు మీదే అబద్ధం ఆడనా? నా వల్ల కాలేదమ్మా.

"నేను పరలోకం చూళ్ళేదండీ," అన్నాను. "అసలు వెళ్ళనే లేదు. మంచం మీదే ఉన్నాను. మీరనుకున్నవన్నీ విన్నాను."

మీ మావయ్య తలొంచేసుకున్నాడు. తోటికోడలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. సుగుణ లేచి గుమ్మం వైపు నడిచింది. ఎటు పోద్దో, ఏం చేసుకుంటాదో. మైకు పాస్టరు గారి చేతిలో పెట్టేసి దాని వెనకే వెళ్ళేను, కాళ్ళింకా తూలుతూనే ఉన్నాయి. బయట చెప్పుల దగ్గర చెయ్యి పట్టుకున్నాను.

"సుగుణా, నీ కబురు నాకందింది. నేను వెళ్ళినప్పుడు ముందు వాడినే వెతుకుతాను."

నా మొహంలోకి చూసింది. తిట్టుద్దనుకున్నాను. "విన్నావా పిన్నీ," అంది, అక్కడే చెప్పుల మధ్య కూలబడిపోయింది. కొడుకుని పెట్టెలో పెట్టిన రోజున కూడా అంత ఏడవలేదు. నేనూ ఏడ్చేను.

పాస్టరు గారు మళ్ళీ ఇంటికొచ్చి కాఫీ తాగేరు గానీ ఆ ఊసెత్తలేదు. మీ మావయ్య మటుకు ఇప్పటికీ చూసొచ్చిందనే చెప్తాడు. చెప్పుకోనీ.

సుగుణ ఏది వండినా గిన్నెలో తెస్తుంది. రొయ్యలూ మావిడికాయా వాడికిష్టం పిన్నీ, అదీ చెప్పు అంటుంది. నాకా, మతిమరుపొచ్చేస్తోంది. నిన్న మీ అమ్మ పేరే తట్టలేదు. ఇది మటుకు మర్చిపోకూడదని ప్రార్థనలో రోజూ అనుకుంటాను.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ. పొద్దున్నే ఏదో ఒకటి తిని వెళ్ళు కాలేజీకి. నేను పోయిన రోజున మరీ ఏడవకు. నాకక్కడ పనుంది.