ఎదురుకాళ్ళ డాక్టరు

దాలినాయుడున్నాడు కదా, ఆడు తల్లి కడుపులోంచి ఎదురుకాళ్ళతో పుట్టేడంట. కాళ్ళు ముందొచ్చి తల ఎనకొచ్చింది. అలా పుట్టినోడు నడుం మీద ఒక్క తాపు తన్నేడనుకో, ఎంత పట్టేసిన నడుమైనా ఒదిలేస్తాదని మనోళ్ళ నమ్మకం, మీకూ తెలుసు. అయితే ఈడు ఆ కాలుతో ఏటి చేసేడంటే, ఫుట్‌బాల్ తన్నేడు. జిల్లాకి తన్నేడు, రాష్ట్రానికి తన్నేడు, కలకత్తా ఎల్లి మరీ తన్నేడు. ఎంత చిత్రమో చూడండి, తోలుబంతిని పన్నెండేళ్ళు తన్నితే మెళ్ళో దండలేసేరంట! మోకాలు చితికిపోయేక ఆట మానేసి, మధ్యలో ఒదిలేసిన పశువుల డాక్టరు చదువు పూర్తి చేసి, మన ఊరి ఆస్పత్రికే ఒచ్చేడు.

ఒచ్చేడా, మర్నాడు పొద్దున్నే ఆస్పత్రి ముందు లైను. సంబరంగా తలుపు తీస్తే ఏటుంది? ఒక్క మేకైనా నేదు. అందరూ మనుషులే, అందరూ అటు తిరిగి నడుం ఒంచి నిలబడ్డారు. ఇది పశువుల ఆస్పత్రమ్మా, నేను సూదిమందేస్తాను గానీ తన్నను అన్నాడంట. "సూదులెవరైనా ఏస్తారు నాయినా, కలకత్తా చూసిన కాలు మాకెక్కడ దొరుకుద్ది?" అన్నారంట. తన్నేడు, పాపం. ఆళ్ళ నొప్పి తగ్గిందో నేదో గానీ, ఈడి మోకాలి నొప్పి పెరిగింది. గొడ్డుకి జొరమొస్తే మాత్రం ఆకుపసరే పోసుకున్నారు. బంతాటగాడికి గొడ్డు జబ్బేం తెలుస్తాదని!

ఒకనాడు ఏటైందంటే, పెసిడెంటు అప్పలసూరి లైన్లో అందరికన్నా ముందు నడుం ఒంచి ఉన్నాడు. మొగుడు పోయిన పైడమ్మ పరిగెత్తుకొచ్చింది. బాబూ, నా గేదె ఈనలేకపోతంది, దూడ ఎనక్కాళ్ళు బైటికొచ్చి ఆగిపోయేయి, అది పోతే నా ఇద్దరు గుంటలకి గంజి నేదని ఏడ్చింది. డాక్టరు సంచీ అందుకున్నాడు. పెసిడెంటు ఒంగినోడు ఒంగినట్టే, "ముందొచ్చింది నేను. గేదె తరవాతొచ్చింది. లైనంటే లైనే" అన్నాడు. "పశువుల లైన్లో ముందు మీరేనంటారా? అయితే ఉండండి పెసిడెంటుగారూ, ఒచ్చేక ఏస్తాను, గేదెకేసే సూదే" అనీసి డాక్టరు చక్కా పోయేడు.

పైడమ్మ పాకలో నేల మీద కూలబడి, దూడ కాళ్ళకి తాడు కట్టి, కుడికాలు గుంజకి తన్నిపెట్టి, గేదె ముక్కినప్పుడల్లా లాగేడు. మోకాలు కలుక్కుమంది. ఒదల్లేదు. దూడ జారి పడింది, ఊపిరి నేదు. పక్కలు రుద్దేడు, ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పేడు. ఎంతసేపో! ఆకర్న హచ్చిమని తుమ్మింది, తల్లులారా! పైడమ్మ ఆయన చేతులు కళ్ళకద్దుకుంది. కాళ్ళు కాదు, చేతులు. నేను చూసేను.

దాంతో ఊరికి తెలివొచ్చిందనుకుంటన్నారా? ఒచ్చింది. దూడ కూడా ఎదురుకాళ్ళతోనే పుట్టింది కదా! వారం తిరక్కుండా లైనంతా పైడమ్మ పాక ముందుకి మారిపోయింది. డాక్టరుకి తన్నేవి రెండే కాళ్ళు, దీనికి నాలుగున్నాయి అన్నారంట. పెసిడెంటే మొదట నడుం పెట్టేడు. ఒచ్చినోళ్ళు ఒట్టి చేతుల్తో రారు కదా, తవుడో గడ్డిమోపో తెస్తన్నారు, గేదె నున్నగా తేలింది. డాక్టరుకి తీరిక దొరికింది. ఇప్పుడిప్పుడే ఒక మేకా, ఒక ఆవూ ఆస్పత్రి మెట్లెక్కుతన్నాయి.

దూడ తన్నితే నిజంగా తగ్గుతాదా అని నన్నడక్కండి. నిన్న నేనూ ఎల్లి లైన్లో నిలబడ్డాను. ఎనకాల ఎవరో మూలిగితే తిరిగి చూసేను. డాక్టరుబాబే, మోకాలు పట్టుకుని. "ఏటి నాయినా, నువ్వు కూడానా?" అన్నాను. "మోకాలిక్కూడా పనిచేస్తాదేమోనని, మామ్మా" అన్నాడు.