నాలుగో గదిలో ఎర్ర లైటు

ఎన్నిసార్లు చెప్పాలమ్మా, వీడియో లేదు! నేను దాచానని ఎవరన్నారు నీకు? వాచ్‌మనా? వాడికేం తెలుసు, నా మొహం! లైటు వెలిగినంత మాత్రాన వీడియో ఉన్నట్టేనా? మొన్న మీ అన్నయ్య వచ్చి షాపు ముందు నిలబడి నానా మాటలూ అని పోయాడు. ఇవాళ నువ్వొచ్చి ఆ స్టూలు మీద కూర్చుని నన్నే చూస్తున్నావు. నువ్వూ నాలుగు తిట్టు, వింటాను. అలా మాత్రం చూడకు.

ఫ్యాను వెయ్యనా? వద్దా. సరే.

ఇదిగో, ఇటు చూడు. ఈ టీవీలో గళ్ళుగళ్ళుగా కనపడేవన్నీ నేను బిగించినవే. ఇది మందుల షాపు. ఇది ఎవరిదో మేడమెట్లు. ఈ కింది వరుస మొత్తం మీ ఆయన పనిచేసిన కోల్డ్ స్టోరేజీ. గేటు, లారీలు ఆగే చోటు, నడవా, ఆఫీసు. ఇవి ఒకటో గది, రెండో గది, మూడో గది. పళ్ళూ కూరగాయలూ పెట్టేవి, ఊరికే చల్లగా ఉంటాయి. నాలుగో గది కనపడుతోందా? చేపలు గడ్డకట్టించే గది? కనపడదు. మీ ఆయన పోయిన రోజు కూడా ఇందులో అది లేదు.

తెలుసమ్మా, తెలుసు. అందులో కెమెరా ఉందని మీ ఆయన నీకు చెప్పే ఉంటాడు. పనివాళ్ళందరూ చూశారు. ఎర్ర లైటు టిక్కు టిక్కుమని ఆరుతూ వెలుగుతూ ఉండేది. ఆ లైటు సంగతే చెప్తాను, విను. పాతికేళ్ళ నుంచి ఇదే పని నాది. ఇది బయటివాళ్ళకి చెప్పకూడదు, చెబితే మా బతుకుదెరువు పోతుంది. పోతే పోనీ.

అసలైన కెమెరా అలా మిణుకుమిణుకుమనదు. దానికేం అవసరం? దాని పని చూడటం, మనకి కనపడటం కాదు. చీకటి పడితే అద్దం చుట్టూ చిన్న చిన్న బల్బులు వెలుగుతాయి. దగ్గరికెళ్ళి చూస్తే నివురుగప్పిన నిప్పులా మసకగా ఎరుపు, అంతే. నిజంగా రికార్డు అవుతోందా లేదా తెలియాలంటే కెమెరా వంక చూడకూడదు, బొమ్మలు దాచుకునే డబ్బా వంక చూడాలి. దీన్ని చూడు, నీ మోచేతి దగ్గరున్నదాన్ని. ఆకుపచ్చది కరెంటు ఉందని. పక్కన చిన్నది గబగబా కొట్టుకుంటోందే, అది బొమ్మ లోపల రాసుకుంటోందని.

మరి గోడ మీద కూర్చుని అందరికీ కన్నుకొట్టేది ఏంటంటావా? ఉత్త డొల్ల. ఒక ప్లాస్టిక్ డిప్ప, ముందు ఒక అద్దం, లోపల ఒక బల్బు, ఒక బ్యాటరీ. వైరు కూడా గోడలోకి ఊరికే దూర్చి వదిలేస్తాం. జనం భయపడాలి కదా, అందుకని ఆ లైటు. నిజందానికంటే అబద్ధందానికే ఆర్భాటం ఎక్కువ. మనుషుల్లోనూ అంతేననుకో.

నిజంది పెట్టలేదని కాదమ్మా. మూడుసార్లు పెట్టాను. మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలిలో మామూలు కెమెరా నెల తిరక్కుండానే చచ్చేది. చలికి తట్టుకునేది వేరే ఉంటుంది, అది తెప్పించమన్నాను. ఓనరు ఏమన్నాడో తెలుసా? "చేపలు నడిచిపోతాయా ఏంటి? డమ్మీ తగిలించు. కుర్రాళ్ళు పెట్టెల మీద చెయ్యెయ్యకుండా ఉంటే చాలు" అన్నాడు. తగిలించాను. ఏది డొల్లో ఓనరుకీ బిగించినవాడికీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. మా వృత్తిలో అదొక ఒట్టు.

ఇంకోటి చెప్పనా? ఆ చలికి మామూలు బ్యాటరీ కూడా నిలబడదు. లైటు ఆరిపోతే గుట్టు బయటపడుతుంది. అందుకని బజారంతా తిరిగి, చలికి తట్టుకునే బ్యాటరీ వెతికి తెచ్చి వేశాను. కెమెరాకి లేని యోగం డొల్లకి పట్టింది. ఎంత పనిమంతుణ్ణో చూశావా?

లేవకమ్మా. కూర్చో. ఇంకా ఉంది. అసలుది ఇంకా చెప్పలేదు.

ఆ డొల్ల బిగించిన రోజు నిచ్చెన పట్టుకుంది మీ ఆయనే. నన్ను బాబాయ్ అనేవాడు. ఆ చలిలో నా వేళ్ళు కొంకర్లు పోతుంటే తన గ్లవ్స్ తీసి నాకిచ్చాడు. నేను దిగాక ఆ లైటు వంక చూసి, "ఇదెందుకు బాబాయ్, మేమేమన్నా దొంగలమా?" అని నొచ్చుకున్నాడు. నాకేదోలా అనిపించింది. అతని మనసు తేలిక చేద్దామని... ఛ, నోటి దూల! గొప్పలకి పోయాను. "ఒరేయ్, ఇది మీ మంచికేరా. లోపలి గొళ్ళెం ఎలాగూ పనిచెయ్యదంటున్నారు కదా? ఎప్పుడన్నా ఇరుక్కుంటే దీని ముందు నిలబడి చెయ్యి ఊపు. నేను షాపులో కూర్చుని అన్నీ చూస్తూనే ఉంటాను. పది నిమిషాల్లో తలుపు తీయిస్తా" అన్నాను. నవ్వాడు. "అయితే ఇంకేం భయం బాబాయ్" అన్నాడు.

అవునమ్మా, ఆ మాట అన్నది నేనే.

శనివారం మధ్యాహ్నం సంగతి నీకు తెలిసిందే. మూసేసే వేళకి చివరి పెట్టెలు సర్దుదామని లోపలికెళ్ళాడు. ఎవరో చూసుకోకుండా బయట గడియ వేసేశారు. ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారాయె. అతను లోపలికెళ్ళడం నడవా కెమెరాలో పడింది, ఆ ముక్క పోలీసులు తీసుకెళ్ళారు. వెళ్ళాడని ఉంది, లోపల ఏం చేశాడో లేదు. అందుకేగా ఓనరు నోరు లేస్తోంది! తాగి వచ్చి పెట్టెల చాటున పడుకున్నాడట. తాగుడు మీ ఆయనకి! టీ కూడా చక్కెర లేకుండా తాగే మనిషికి.

వాచ్‌మన్ ప్రమాణం చేసి చెప్పాడు కదా, అయిదింటికి డ్యూటీ ఎక్కి నడవాలో రెండుసార్లు తిరిగాననీ, తలుపు చప్పుడు వినపడలేదనీ. నిజమేనమ్మా. అతను తలుపు దగ్గర లేడు. కెమెరా ఎదురు గోడకి, ఆ చివర ఉంది. మొదట తలుపు బాదే ఉంటాడు. అప్పటికి అందరూ వెళ్ళిపోయారు. తర్వాత నా మాట గుర్తొచ్చి ఉంటుంది. తలుపు దగ్గరే ఉండి ఉంటే అయిదింటికి బతికి బయటపడేవాడు.

నాకెలా తెలుసంటావా?

ఆదివారం సెలవు కదా, సోమవారం పొద్దున్నే తలుపు తీసి చూశాక ఓనరు ఫోన్ చేశాడు. నేను వెళ్ళేసరికి మీ ఆయన్ని నడవాలోకి తెచ్చి పడుకోబెట్టారు. దుప్పటి కప్పారు. "పోలీసులు వచ్చేలోపు ఆ డొల్ల దించెయ్. అక్కడ కెమెరా ఎప్పుడూ లేదు, తెలిసిందా?" అన్నాడు. ఒక్క మాట ఎదురు చెప్పకుండా నిచ్చెన వేసుకుని ఎక్కాను. ఎక్కుతుంటే చూశాను, గోడకి ఆనించి పెట్టెలు మెట్లలా పేర్చి ఉన్నాయి, కెమెరాకి దగ్గరగా మొహం పెట్టడానికి. కింద అట్టలు. పెట్టెల మూతలు చింపినవి. పెట్టెల మీద తేదీలు వేసే నల్ల స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి.

అన్నీ నా పనిముట్ల సంచీలో కుక్కేశాను. పోలీసాయన అడిగితే, "నాలుగో గదిలో కెమెరా లేదండీ, ఎప్పుడూ లేదు" అన్నాను. సంతకం పెట్టమంటే పెట్టాను. ఓనరువి ఇంకా నాలుగు గోదాములున్నాయి మరి. వాటిల్లో కెమెరాల పనంతా నాకే ఇస్తానన్నాడు.

ఏడవకు. కాదు, ఏడువు. నేనెవర్ని వద్దనడానికి!

ఇవిగో. సంచీలోంచి తీసి బల్ల కింద పెట్టాను. వారం నుంచి ఇక్కడ కూర్చుంటే నా కాళ్ళకి తగులుతూనే ఉన్నాయి. తీసుకో. నీ చేతికే ఇస్తున్నాను. "మూడుంబావు. నాలుగో గదిలో ఉన్నాను. తలుపు తీయండి." చూశావా, చేతి వాచీ చూసి టైము వేసి మరీ రాశాడు. తాగినవాడి రాతేనా ఇది? ఇది రెండోది. "నాలుగు ఇరవై. చేతులు పట్టు తప్పుతున్నాయి. త్వరగా." మూడోదాంట్లో నీ పేరు, ఇంటి ఫోన్ నంబరు. ఆఖరి రెండు అంకెలు సరిగ్గా పడలేదు.

ఇవి పట్టుకెళ్ళి స్టేషన్లో ఇవ్వు. ఎక్కడివంటే నా పేరు చెప్పు. ఇదిగో డొల్ల, ఇది కూడా పట్టుకెళ్ళు. అబద్ధం సంతకం పెట్టానని నేనూ వచ్చి చెప్తాను. తాగాడన్న మాట ఓనరు నోటితోనే వెనక్కి తీయించు.

ఆ... నాలుగోది ఒకటి ఉందమ్మా.

అది ఇవ్వకూడదనే అనుకున్నాను. నిజం చెప్తున్నా, నువ్వు తలుపు తోసుకుని లోపలికి వచ్చేదాకా కూడా అదే అనుకున్నాను. మూడూ ఇచ్చేస్తే నీ పని జరుగుతుంది, ఇదొక్కటి నా దగ్గర ఉంచుకుందామని. దీని మీద టైము లేదు. అక్షరాలు పక్కకి జారిపోయాయి. నువ్వు చదవలేవు, నేను చదువుతాను.

"బాబాయ్, కనపడుతున్నానా?"

ఆ శనివారం సాయంత్రం నేనెక్కడికీ వెళ్ళలేదమ్మా. ఈ కుర్చీలోనే కూర్చున్నాను. ఈ టీవీయే చూస్తున్నాను. ఇదిగో, ఈ గడిలోనే ఉంది నడవా. ఆ చివర తలుపు మూసే ఉంది. అన్నీ బాగానే ఉన్నాయనుకుని, టీ తాగాను.