తలకిందుల చదువు

ఏం రాశావే అక్కడ? కాగితం ఇటు తిప్పక్కర్లేదు, నాకు ఇక్కణ్ణించే కనిపిస్తోంది. "పూర్వ వృత్తి, అనుభవం" అన్న గడిలో "లేదు" అని రాశావు. చాలా బాగుంది. సరిగ్గా ఇలాంటి గడిలోనే, ఇదే మాట రాసి మాకు చదువు చెప్పిన కంపోజిటర్ గారికి అన్యాయం చేశారు, పంతొమ్మిది వందల డెబ్భై, ఫిబ్రవరి పంతొమ్మిది, గురువారం సాయంత్రం ఆరూ నలభైకి. అంత కచ్చితంగా ఎలా చెప్తున్నావంటావా? ఆ టేబులుకి ఇవతల కూర్చున్నది నేనేగా. పెన్ను పక్కన పెట్టు. పెట్టవే, అదేం పారిపోదు. సాయంత్రం బడివాళ్ళు పిలిచి మరీ కరెంటు పని నేర్పమ్మా అంటే, "నేను టీచర్ని కాను అమ్మమ్మా" అని నిన్నట్నించీ ఒకటే సణుగుడు. ఆ టీ చల్లారక ముందు తాగు, చెప్తాను.

మా రోజుల్లో ఆ సాయంత్రం బడి గోదాము మీది గదిలో ఉండేది. కిందనించి గోనెసంచుల వాసన. పాతిక మెట్లు ఎక్కాలి, పదమూడోది ఊగుతుంది, తెలిసినవాళ్ళు దాటేసేవాళ్ళు, తెలియనివాళ్ళు కెవ్వుమనేవాళ్ళు. అక్కడ పాఠం చెప్పేవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు బడిపంతులు కారు. లెక్కలు చెప్పేది రిటైరైన బస్సు కండక్టరు. లెక్క తప్పితే గోడమీద ఒక దెబ్బ వేసేవాడు, ఆపమని. సరిపోతే రెండు దెబ్బలు, "రైట్ రైట్, పోనీ!" నలుగురు పట్టే బెంచీ మీద "లోపలికి జరగండమ్మా, లోపలికి జరగండి" అంటూ ఏడుగుర్ని కుక్కేవాడు. ఆరోగ్యం చెప్పేది నర్సమ్మ, ఆస్పత్రిలో వేల కాన్పులు చేసిన చెయ్యి. ఎవరైనా జవాబు రాక నీళ్ళు నములుతుంటే పక్కన చేరి వీపు రాసేది. "ఆఁ, ఊపిరి పీల్చుకో, ఇంకొంచెం, ఇంకొంచెం, వచ్చేసింది, వచ్చేసింది!" జవాబు బయటపడ్డాక గడియారం చూసి టైము కూడా చెప్పేది, అలవాటు! నవ్వుతావేం, అలా పుట్టిన జవాబు ఇవాళ్టికీ నాకు గుర్తుంది. నీళ్ళు ఎంతసేపు మరగాలో నన్ను నిద్రలో అడుగు, చెప్తాను. ఇంతకీ ఏం చెప్తున్నాను? ఆఁ, చదవడం, రాయడం. అవి చెప్పేది మా కంపోజిటర్ గారు.

కంపోజిటర్ అంటే నీకేం తెలుస్తుందిలే, ఇప్పుడు వేలు ఆడిస్తే కాగితం బయటికొస్తోంది. అప్పుడు ప్రెస్సులో ఒక్కొక్క అక్షరం సీసంతో పోతపోసి ఉండేది. గూళ్ళు గూళ్ళుగా ఉండే చెక్క పెట్టెలోంచి ఒక్కొక్కటే ఏరి, ఎడంచేతిలోని ఇనప పట్టీలో వరసగా పేర్చాలి. అదీ తలకిందులుగా. కాగితం మీద తిన్నగా పడాలంటే సీసం మీద తిరగబడి ఉండాలి మరి. ఆయన అదే పని చేసి చేసి వేళ్ళ చివర్లు నల్లగా, ఎంత తోమినా పోని నలుపు, ఒక భుజం కిందికి వాలి, కూర్చోమంటే ఇబ్బంది పడేవాడు, నిలబడితేనే హాయి. ఊళ్ళో సగంమంది సర్టిఫికెట్లు ఆయన చేత్తో కూర్చినవే. ఆయనకి మాత్రం ఒక్కటీ లేదు. ప్రెస్సు యజమాని పోయాక కొడుకు మెషిన్లన్నీ అమ్మి పారేశాడు. పాపం ఈయన రెండు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడట, అన్నం పెడితే తినడు, పిలిస్తే పలకడు. భార్య వెళ్ళి నర్సమ్మ దగ్గర ఏడ్చింది. నర్సమ్మ ఊరుకునే రకమా? దుప్పటి లాగేసి, "లే అన్నయ్యా, పాతిక మెట్లు ఎక్కాలి" అని బడికి లాక్కొచ్చి మా ముందు నిలబెట్టింది. మొదటిరోజు ఆయన గొంతే లేవలేదు. రెండో వారానికి మెట్లు రెండేసి ఎక్కుతున్నాడు, పదమూడోదాన్ని చూడకుండానే దాటుతున్నాడు.

ఆయన చెప్పిన పాఠం ఇంకెవ్వరూ చెప్పలేరే. నేను మాటకీ మాటకీ మధ్య జాగా వదలకుండా రాసేదాన్ని, కాగితం దండగని. "అమ్మా, ఖాళీ అంటే ఏమీ లేదని కాదు. ప్రెస్సులో ఖాళీ ఉన్నచోట కూడా ఓ సీసం ముక్క ఉంటుంది. అది తీసేసి చూడు, లైను లైనంతా కూలి చేతిలో పడుతుంది" అన్నాడు. ఆ రోజునించి మాటకీ మాటకీ మధ్య ఓ వేలు పెట్టి మరీ రాశాను. నేనప్పుడు లాండ్రీలో ఇస్త్రీ చేసేదాన్ని, ముప్పై దాటాయి, మీ అమ్మకి ఏడేళ్ళు. ఏ చొక్కా ఎవరిదో మరకని బట్టి, చిరుగుని బట్టి గుర్తుపట్టేదాన్ని గానీ గుచ్చిన చీటీ చదవలేకపోయేదాన్ని. చదవాలని నాకెంత ఆకలో నీకు చెప్పినా అర్థం కాదు. మూడు నెలలు ఒక్కరోజు మానలేదు.

ఇప్పుడు అసలు తమాషా విను. చదువుకునేవాళ్ళం ఎనిమిదిమందిమి, పుస్తకం ఒక్కటి. టేబులు మధ్యలో పుస్తకం పరిచి పెట్టేవాడు. అటు నలుగురు, ఇటు నలుగురు. ఇటువైపు నేను, పాలావిడ, హాస్టల్లో వంటచేసే ఆవిడ, గోదాము వాచ్‌మన్ తాత. మాకు పుస్తకం ఎలా కనిపిస్తుంది? తలకిందులుగా! అక్షరాలు అలాగే ఉంటాయి కాబోలు అనుకున్నాం మేం. ఎన్నడైనా చూశామా పెట్టామా? ఇంకే పంతులైనా మొదటిరోజే "అయ్యయ్యో, ఇటు రండి" అనేవాడు. ఈయనకి తట్టలేదే! ముప్పై ఏళ్ళు తలకిందుల అక్షరాల మధ్య బతికిన మనిషికి అటైనా ఒకటే, ఇటైనా ఒకటే. మూడు నెలలు పోయాక ఓ ఆదివారం మీ తాతయ్య కుర్చీలో కూర్చుని ఒళ్ళో పేపరు పరుచుకున్నాడు. నేను ఎదురుగా నిలబడి గడగడా చదివేశాను. ఆయన నోరు వెళ్ళబెట్టి పేపరు నా చేతికిచ్చాడు, "ఏదీ, పూర్తిగా చదువు" అని. తిన్నగా పట్టుకున్నాను. ఒక్క ముక్క వస్తే ఒట్టు! తిప్పి పట్టుకున్నాను, మళ్ళీ గడగడా. మీ తాతయ్య నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారాడు. "తలకిందులుగానైనా నేను పేపరంతా చదివాను, తిన్నగా పట్టుకుని మీరు చదివేది సినిమా బొమ్మల పేజీ ఒక్కటేగా" అన్నాను. ఊరుకుంటానా! మర్నాడు బస్టాపులో పాలావిడదీ అదే గోల. బోర్డు చదవాలంటే బస్సుని తిరగెయ్యమనలేం కదా, అది ఏం చేసిందో తెలుసా, పాలక్యాను కింద పెట్టి, అటు తిరిగి వంగి, కాళ్ళ సందులోంచి చూసి నంబరు చదివింది. "వచ్చింది, వచ్చింది, మనదే!" అని అక్కణ్ణించే అరుపు. బస్సు డ్రైవరు బ్రేకు వేసి అలా చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రం వెళ్ళి చెప్తే కంపోజిటర్ గారికి అర్థమే కాలేదు. "తలకిందులా? ఏది తలకిందులు?" పుస్తకం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "రెండూ ఒకటేగా అమ్మా!" కండక్టరు వచ్చి విషయం విడమర్చి చెప్పాక, ఎప్పుడూ కూర్చోని మనిషి బెంచీ మీద కూలబడి తల పట్టుకున్నాడు. "మూడు నెలలు! మీ నలుగురి చదువూ నాశనం చేశానమ్మా." "ఏం నాశనం మాస్టారూ, వచ్చిందిగా, ఇక రెండోవైపు కూడా నేర్పండి" అన్నాను. ఆ రోజునించి నెలకోసారి అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు. చివరికి ఎనిమిదిమందికీ రెండువైపులా వచ్చేసింది. నీకెందుకొచ్చిన విద్య అంటావా? అదే చెప్పబోతున్నాను, తొందరెందుకు.

ఫిబ్రవరిలో తనిఖీకి ఒకాయన వచ్చాడు. కుర్రవాడే, పాతికేళ్ళుంటాయేమో. మేం ఆయనకి "ఇస్త్రీ గారు" అని పేరు పెట్టాం, నేనే పెట్టాను. కోటు విప్పి కుర్చీకి తగిలించేసరికి బయటపడింది. కాలరూ చేతుల చివర్లూ పెళపెళలాడుతున్నాయి, వీపంతా ముడతలు! కనిపించేవరకే ఇస్త్రీ. అలాంటి మనిషి రాసేది కూడా కనిపించేవరకే ఉంటుందని నాకప్పుడే అనుమానం. మెట్లమీద పదమూడోదాని దగ్గర కెవ్వుమన్నాడు కూడా. సరే, టేబులుకి అవతల కూర్చుని ఫారాలు తీశాడు. పాఠం చెప్పేవాళ్ళకి మనిషికొకటి. నర్సమ్మకి సర్టిఫికెట్టుంది, రాసుకున్నాడు. కండక్టరుకి పెన్షన్ పుస్తకం ఉంది, రాసుకున్నాడు. మా కంపోజిటర్ గారి వంతొచ్చింది.

"సర్టిఫికెట్?"

"లేదండీ."

"ఏ స్కూల్లో పనిచేశారు?"

"స్కూల్లో కాదండీ, ప్రెస్సులో."

"ఓ, అది లెక్కలోకి రాదు. పర్లేదు, పర్లేదు. మీ సేవ చాలా గొప్పదండీ, మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను." ఆ గొంతు చూడాలి, చక్కెర కరిగించి పోసినట్టు. నోరు అభినందిస్తూనే ఉంది, చెయ్యి రాస్తూనే ఉంది. మాకు తెలియకుండా దాచుకోవాలని కూడా అనుకోలేదు. ఎందుకు దాస్తాడు? అక్షరాలు రాని మొహాలు, పైగా ఎదుటివైపు. పూర్వ వృత్తి: లేదు. అర్హత: లేదు. సిఫార్సు: వెంటనే తొలగించవచ్చు.

నాకంటే ముందు ఆయన చదివేశాడే. ఆయనకి అటేమిటి, ఇటేమిటి. నా పక్కనే నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు తీశాడు, చొక్కా అంచుతో తుడిచాడు, డబ్బాలో పెట్టి టప్పున మూశాడు. పాఠం మధ్యలో ఆయన కళ్ళజోడు తియ్యడం నేనెన్నడూ చూడలేదు. మళ్ళీ గోడవైపు తిరిగి పడుకోబోతున్నాడని నాకర్థమైపోయింది. ఇక నా వల్ల కాలేదు. ఇస్త్రీ గారి మొహంలోకి చూస్తూ కాదు, ఆయన కాగితంలోకి చూస్తూ పైకి చదివాను. "పూర్వ వృత్తి, లేదు." పాలావిడ అందుకుంది, "అర్హత, లేదు." వంటావిడ, "సిఫార్సు." ఆఖరి ముక్క వాచ్‌మన్ తాతది, ఆయనది నత్తనడక, కూడబలుక్కుంటున్నాడు, "వెం... ట... నే... తొ... ల..." నర్సమ్మ అలవాటుకొద్దీ వెళ్ళి ఆయన వీపు రాస్తోంది, "ఆఁ, ఇంకొంచెం, వచ్చేసింది, వచ్చేసింది." "గిం... చ... వచ్చు!" నర్సమ్మ గడియారం చూసింది. "ఆరూ నలభై." కండక్టరు గోడమీద ఒకటే దెబ్బ వేశాడు. ధబ్! ఆపమని.

ఇస్త్రీ గారు రెండు చేతులూ కాగితం మీద కప్పేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మీకు... ఇటువైపు నుంచి చదవడం వచ్చా?" "అటునించీ వచ్చు, ఇటునించీ వచ్చు. పక్కనించి ఇంకా నేర్పలేదు" అంది పాలావిడ. "ఎవరు నేర్పారు?" అన్నాడు. నేను కంపోజిటర్ గారిని చూపించాను. "ఇదిగో, ఏమీ లేదని రాశారే, ఈయనే." కుర్రవాడు చెడ్డవాడు కాదులే, తప్పు చూపిస్తే మొహం మాడ్చుకునే రకం కాదు. "కొట్టేస్తే ఫారం పాడవుతుంది" అని గొణిగాడు. అప్పుడు టక్కున డబ్బా తెరిచిన చప్పుడు. కంపోజిటర్ గారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "పాడవదు బాబూ. ఒక్క గీత పెట్టి కొట్టేసి, పక్కన రాసి, సంతకం పెట్టండి. ప్రూఫు దిద్దేది అలాగే." "పక్కన జాగా లేదండీ, గడి ఇరుగ్గా ఉంది." "ఉంటుంది. ఆ గడి అంత ఇరుగ్గా పెట్టింది నేనే. ఈ ఫారం మా ప్రెస్సుదే, అడుగున పేరు చూసుకోండి. అప్పుడేం తెలుసు, నన్నే తెచ్చి అందులో కుక్కుతారని!" మొదట నవ్వింది ఇస్త్రీ గారే. తర్వాత గదంతా. నవ్వుతూనే కొట్టేసి, అంచున రాశాడు. మేం నలుగురం మెడలు సాచి చూస్తున్నాం. కంపోజిటరు, ముప్పై ఏళ్ళు. టేబులుకి ఇవతలనించి కంపోజిటర్ గారు మెల్లిగా అన్నాడు, "ముప్పయ్యొక్క ఏళ్ళ నాలుగు నెలలు, బాబూ." తన గురించి ఆ మనిషి అడిగి రాయించుకున్నది అదొక్కటే. ఇస్త్రీ గారు దిద్దాడు, సిఫార్సు గడిలో "కొనసాగించాలి" అని రాశాడు. కండక్టరు గోడ పగిలేట్టు రెండు దెబ్బలు!

తర్వాత ఇంకో పదకొండేళ్ళు చెప్పాడు. ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది. మన బీరువాలో ఉన్న పుస్తకాలన్నీ ఆయన కూలిపోకుండా నిలబెట్టిన లైన్లే అనుకో. ఆ, మర్చిపోయాను, ఆ వారంలోనే ఇస్త్రీ గారి చొక్కా మా లాండ్రీకి వచ్చింది. చీటీ నేనే చదివాను. అడక్కపోయినా వీపు కూడా చేసి పంపించాను.

ఏమిటీ, నీ పని వేరంటావా? ఏం వేరే? లిఫ్టు మధ్యలో ఆగిపోయి లోపల మనుషులు గుండెలు బాదుకుంటుంటే నువ్వేం చేస్తావు? తలుపు బయట కూర్చుని, కంగారు పడకండి, ఆ ఎర్ర మీట పక్కకి రండి, ఇప్పుడు లైటు వెలుగుతుంది చూడండి అని మాట్లాడుతూనే ఉంటావని నువ్వేగా చెప్పావు. పెద్దవాళ్ళకి పాఠం చెప్పడమంటే అంతకంటే ఏం లేదే పిచ్చిదానా, లోపల ఇరుక్కున్నవాళ్ళతో బయటనించి మాట్లాడుతూ ఉండటమే. పెన్ను తీసుకో. ఒక్క గీత. ఊఁ. ఇప్పుడు పక్కన రాయి. లిఫ్టు మెకానిక్... బాగుంది... ఆరేళ్ళు... ఆగాగు. ఇటు తిప్పకు, కనిపిస్తోందన్నానా. గుండ్రంగా ఆరేళ్ళేమిటి? నువ్వు చేరింది మీ అమ్మ పుట్టినరోజు మర్నాడు, నాకు గుర్తులేదనుకున్నావా? దిద్దు. ఆరేళ్ళ ఏడు నెలలు.