గేటు పీకిన మొనగాడు

మొదటి గవర్నరుగారి జీవిత చరిత్ర రాస్తున్న అమ్మాయి టీకొట్టు బల్ల మీద నోటుపుస్తకం తెరిచిందో లేదో, గవర్నరు బంగళా గేటు దగ్గర ముప్పై ఏళ్లు కాపలా కాసిన ముసలాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన కోతలు విని విని ఊరు పెట్టిన పేరు దర్బారు.

ఎదురుబల్ల మీద టైపిస్టమ్మ కూర్చుని ఉంది. గవర్నరుగారి ఉత్తరాలన్నీ కొట్టిన మనిషి. ఈమధ్య ఆవిడకి మనుషుల పేర్లు జారిపోతున్నాయి. గుర్తున్నంత వరకైనా ఈ పిల్లకి చెప్పేద్దామని వచ్చింది. ఆలోపే దర్బారు మొదలెట్టాడు.

"రాసుకో అమ్మాయ్. ఆయన వచ్చిన రోజు కారు తలుపు తీసింది నేనే. దిగీ దిగగానే, 'ఏమోయ్, ఈ రాష్ట్రాన్ని ఎలా నడపమంటావ్?' అన్నారు. రెండు ముక్కల్లో చెప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్నడక్కుండా ఒక్క ఫైలు మీద సంతకం పెడితే ఒట్టు!"

"మంత్రులు ఊరుకున్నారా?" అన్నాడు పక్కన టీ తాగుతున్న మంగలి.

"ఊరుకోకేం! వరసకట్టి నాకు నమస్కారం పెట్టి మరీ లోపలికెళ్లేవాళ్లు. ప్రమాణస్వీకారంలో ఆయన మాట తడబడితే వెనకనుంచి అందించిందెవరు? ఆ లెక్కన సగం గవర్నర్ని నేనేగా!"

"మిగతా సగం కూడా నువ్వే అనెయ్, ఓ పనైపోతుంది," అన్నాడు టీకొట్టాయన. అందరూ నవ్వారు, టైపిస్టమ్మ తప్ప.

"ఇక వరద సంగతి విను. ఏరు గట్టు తెంచుకుని వీధుల్లో పడింది. దిగువపేట జనమంతా గేటు ముందు గగ్గోలు. గవర్నరుగారు గజగజలాడుతూ నా భుజం పట్టుకున్నారు. 'మీరెళ్లి పడుకోండి సార్' అని పంపేసి, ఆ ఇనప గేటు ఉందే, దాన్ని రెండు చేతులా పట్టుకుని ఒక్క పీకు పీకాను! నీళ్ల మీద పడేసి, వెయ్యిమందిని ఎక్కించి, తాడు పళ్లతో కరుచుకుని కొండదాకా ఈదుకుంటూ లాగాను. అక్కడితో అయిందా? వెనక్కి తిరిగి 'ఛీ, పో' అన్నాను. ఏరు సిగ్గుపడి తన దారిన తను పోయింది!"

అమ్మాయి నవ్వుతూనే రాసుకుంటోంది. టైపిస్టమ్మ ఆ కలం వైపే చూస్తోంది. రేపు కోతలన్నీ తీసేసినా, గేటు తీసి జనాన్ని కాపాడింది ఇతనేనని అచ్చులో మిగిలితే? తను కూడా మర్చిపోయాక ఇక అదే నిజమైపోతుంది. ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

"గేటు పీకావా? తాళమే తియ్యలేదు కదయ్యా నువ్వు!"

అమ్మాయి కలం ఆపి ఆవిడ వైపు చూసింది.

"మెరకలో ఉన్న బంగళాలోకి జనాన్ని వదలమని గవర్నరుగారు వానలో తనే వచ్చి చెప్పారు. మనిషికో పాసు ఉంటేగానీ తియ్యనన్నావు. నేను గొడుగు కింద ఒక్కోటి రాస్తుంటే ఆయన ఒక్కోటే సంతకం పెట్టారు. సిరా అలికిపోయింది, మళ్లీ రాయమన్నావు. ముప్పై ఒకటో పాసు రాస్తుండగా పక్కగోడ కూలి వాళ్ల మీద పడింది. ఆయన నీ నడుం నుంచి తాళంచెవి లాక్కునేసరికి అంతా అయిపోయింది. మా చెల్లెలు ఆ వరసలో ముప్పై ఆరోది. దాని పేరు నేను రాయనే లేదు."

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మర్నాడు ఆయన రాజీనామా కొట్టింది నేనే. 'నా గేటు నేను తీయించలేకపోయాను.' అంతే, ఒక్క వాక్యం."

దర్బారు బల్ల అంచు గోకుతూ గొణిగాడు. "అదికాదమ్మా... పాసు లేందే తియ్యకూడదని రూలు..."

టైపిస్టమ్మ అమ్మాయి వైపు తిరిగింది.

"ఈ ముక్క రాసుకో. ఇంతసేపట్లో ఇతను చెప్పిన నిజం ఇదొక్కటే."