ఉత్తరాల్లో రాసిన ఇష్టాలు

పెళ్లయి పది రోజులైంది. పెళ్లికొడుకు పెరిగిన హిందీవాళ్ల ఊళ్లో, సోనారి విమానాల మైదానం కంచె పక్కన స్కూటర్ ఆపుకుని, కొత్త దంపతులు కబుర్లలో పడ్డారు.

“మీకు ఏ కూరిష్టం?” అని అడిగింది ఆమె.

“వంకాయ.”

“పెళ్లికి ముందు ఉత్తరంలో కాకరకాయని రాసేరు కదా?”

“ఆఁ... అదీ ఇష్టమే.”

“దెయ్యాల్ని నమ్ముతారేటి?”

“ఛ! నాకలాంటి భయాల్లేవు.”

“మరి డ్యూటీకెళ్తూ రైలుకట్ట దాటినప్పుడల్లా ఆంజనేయస్వామిని తలుచుకుంటానని రాసేరు? అది చదివి ఎంత నవ్వుకున్నానో! భలే ముద్దొచ్చీసేరు.”

ముద్దొచ్చింది తను కాదని గుర్తొచ్చేసరికి అతనికి ఒళ్లు మండిపోయింది.

“అరే, నాను చదివింది హిందీ బడిలో. తెలుగు రాయడం నాకు రాదు. ఆ ఉత్తరాలన్నీ నాతో పనిచేసే ఆదిబాబు రాసేడు. కాకరకాయా వాడిదే, దెయ్యాల భయమూ వాడిదే!”

“నాకు తెలుసండీ.”

“ఎలాగ?”

“సింహాచలం గుడిలో పెళ్లి పుస్తకం మీద మీరు సంతకం హిందీలో పెట్టేరు కదా. అందుకే ఇప్పుడు అన్నీ మళ్లీ మిమ్మల్నే అడుగుతన్నాను.”

అతని ప్రాణం కుదుటపడింది.

“అయితే ఇంటికెళ్లగానే ఆ ఉత్తరాలు చింపీయ్.”

“అయ్యో, చింపడమెందుకు? పెట్టెలో పట్టుచీర మడతల్లో దాచుకున్నాను. ఎంత బాగా రాసేరండీ ఆయన!”