తాత నెత్తిన మెరూన్ టోపీ

"నానమ్మా, చిన్నాయన టోపీ ఒక్కసారి పెట్టుకోనా? ఫోటో దిగుత."

ఏయ్, ఆగాగు! దించు బిడ్డా, జర దించు. కోపం కాదే, గీడ కూసో. దాని ముచ్చట వేరే ఉన్నది.

తొంభైలల్ల మాట. నాంపల్లిల స్టేషన్ ఎనక కిరాయికుంటుంటిమి. కిరాయంటే ఏమంత, ఇప్పుడు నువ్వు ఆటోకిచ్చే పైసలే అనుకో... ఆఁ, ఏం చెప్తున్న? మీ చిన్నాయన సామేలు. ఫౌజుల కమాండో అయిండు. గనీ ఏడుంటడో, ఏం జేస్తడో ఒక్క ముక్క చెప్పకపోతుండె. సెలవుకొస్తే తినుడు, పండుడు, నవ్వుడు. గంతే.

మీ తాతకు అదే బాధ. చర్చిల అందరు కొడుకుల గురించి చెప్పుకుంటరు గద, ఒగడు బ్యాంకుల, ఒగడు రైల్వేల. "మీవోడేం జేస్తడు మాస్టరూ?" అంటే "ఆర్మీల ఉన్నడు" అని ఊకోవాలె. ఆయన నోరు ఊకుంటదా?

ఓ ఆదివారం, సామేలు సెలవుల ఉండంగ, వాడింకా లేవకముందే, గీ మెరూన్ ఫౌజు టోపీ పెట్టుకొని చర్చికి బయల్దేరిండు మీ తాత! నేను చీర సర్దుకునేటాల్లకు గేటు దాటిండు. టోపీ చిన్నది, తలకాయ పెద్దది. గుమ్మడికాయ మీద గిన్నెమూత పెట్టినట్టుండె. పాస్టరయ్యకు సెల్యూట్ గూడ కొట్టిండు. నవ్వాలో ఏడ్వాలో నాకు సమజ్ కాలే.

ప్రార్థన అయినంక అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసుడు ఆయనకలవాటు. గాడికే వచ్చిండు సామేలు, టోపీ దేవులాడుకుంట. నేను పక్కనే ఉంటి, వీడు అరుస్తడేమో అనుకున్న. వాడు అరవలే బిడ్డా. మెల్లగ టోపీ దీసి, ఎండ తగలకుండ తన దస్తీ నాయిన బట్టతల మీద పరిచిండు.

"నాయినా, గిసొంటిది దుకాణంల గూడ దొరుకుతది. గనీ కొనుక్కొని పెట్టుకునేది కాదు, కష్టపడి సంపాయించుకోవాలె" అన్నడు. పుస్తకాల పక్కనే కూసొని మొదటిసారి చెప్పిండు. పారాచూట్ల దుంకే ఫౌజు తెల్లోళ్ల జమానా నుంచే ఉన్నదట. అరవై అయిదు లడాయి... ఔ, పాకిస్తాన్‌తోనిది, అది అయినంక కమాండోల పల్టన్ వేరే నిలబెట్టిన్రట. కొద్దిమందే పోతరట, దుష్మన్ ఎనకకు. నిద్ర లేక, బరువులు మోసుకుంట ఉరుకుతే గీ టోపీ వచ్చిందట. వీనితోని చేరినోళ్లల్ల చానామంది ఓర్వలేక నడుమల్నే వాపస్ పోయిన్రట.

"నేను ఏడున్ననో బయటపడితే, నా పక్కోని పానం పోతది నాయినా" అన్నడు. మీ తాత చేతులున్న పుస్తకం మూసి పక్కకు పెట్టిండు.

తర్వాత కార్గిల్ లడాయి వచ్చె. వాని ఫోన్ లేదు, జాబు లేదు. నేను ఏడ్సుకుంట ప్రార్థన జేస్తుంటి. చర్చిల అందరు అడిగిన్రు, "మీవోడు గాడనే ఉన్నడా?" అని. "నాకు తెల్వది. నేనడగను" అన్నడు మీ తాత. గంత వాగే మనిషి! నాకైతే మస్తు గర్వమనిపించింది.

దేవుని దయతోని పోరడు సల్లగ వచ్చిండు. రెండువేల సంవత్సరం దాటినంక పించనొచ్చి, ఇంటికొచ్చిన దినం టోపీ నాయిన చేతుల వెట్టి, "ఇగ పెట్టుకో, నేనే చెప్తున్న" అన్నడు.

మీ తాత దాన్ని దులిపి, గీ అల్మారల పెట్టిండు. "వద్దు బిడ్డా, అది నీది. నాకు నీ దస్తీ చాలు" అన్నడు. గా దస్తీ, అదే, ఎండల కప్పింది... పోయేదాంక ఆయన జేబులనే ఉండె.

ఇగ లే, టోపీ లోపల పెట్టు. నువ్వు గూడ నీదేదో కష్టపడి సంపాయించుకుంటవు, దేవుడు నిన్ను సల్లగ జూస్తడు. గప్పుడు ఫోటో నేనే దీస్త. గా ఫోన్ల ఏడ ఒత్తాల్నో, నువ్వే జర చూపియ్యాలె...